వెల్లుల్లి ఎడమకి, ఇంగువ కుడికి

మజిలీ 1. కొత్తచావడి. ఎండ.

దినచర్యలో వాతావరణం, నడిచిన దూరం, కుక్కల ఆరోగ్యం, ఈ మూడే రాయాలని లోయలో పూత ఆఫీసు గుమాస్తాగారు మరీ మరీ చెప్పి పంపారు. వాతావరణం బాగుంది. దూరం కాళ్ళు నొప్పెట్టేంత నడిచాం. కుక్కలు నాకంటే ఆరోగ్యంగా ఉన్నాయి. మిగిలిన కాగితం ఇక నా ఇష్టం.

నా పేరు నూకరత్నం. పూత మనిషిని. ఏడాదికోసారి, మెరుపుమంచు దిగకముందే, కొండల మీది దారికి వాసన పూస్తాను. ఈసారి నాకు పడింది లోయ నుంచి గాలిమెట్ట దాకా వెళ్ళే దారి. మలుపు మలుపుకీ ఒక రాయి ఉంటుంది. దాని అడుగు వైపు, వాన తగలని చోట, కుక్క ముక్కు అందే ఎత్తులో కొబ్బరిపీచు కుంచెతో ఒక పట్టీ వేస్తాను. వెల్లుల్లి పూత తగిలితే కుక్క ఎడమకి తిరుగుతుంది. ఇంగువ తగిలితే కుడికి. వేపనూనె అయితే అటు అడుగు వెయ్యదు. ఎండునెత్తళ్ళ, అంటే ఎండబెట్టిన చిన్నచేపల, పూత అయితే ఊరు దగ్గర్లోనే ఉందని అర్థం, ఇక దాన్ని ఆపడం మన వల్ల కాదు. అన్నీ ఆముదంలో, తేనెమైనంలో కలిపి కాచినవి కాబట్టి ఏడాది దాకా ఉంటాయి.

మెరుపుమంచు దిగిందంటే చాచిన చెయ్యి కనిపించదు. అందులోని మెరిసే పొడికి ఏ యంత్రమూ పని చెయ్యదు. మా నాయనమ్మ కాలంలో అరచేతిలో పట్టే పెట్టెని అడిగితే అదే దారి చెప్పేదట. ఇప్పుడు కుక్కని అడుగుతున్నాం. ఆ పెట్టె ఏనాడైనా తోక ఊపిందా అని అడిగితే నాయనమ్మ మాట మార్చేసేది.

కుక్కలు మూడు. ముందు నడిచేది శొంఠి. పెద్ద వయసు ఆడకుక్క, ఒక చెవి సగం లేదు, కోపం ఎక్కువ, ముక్కు బంగారం. సామాను మోసేది బెల్లం, ఎవరు పిలిచినా వెళ్ళిపోయే మంచివాడు. మూడోవాడు గుండిగ. వాడు ఈ దారిలో ఎందుకున్నాడో నాకు తెలియదు, వాడికీ తెలియదు. పూత కుక్కలకి రెండే మాటలు నేర్పుతాం. "దారి" అంటే పూత వెతుకుతాయి. "ఎవరు" అని ఏదైనా గుడ్డ వాసన చూపిస్తే ఆ మనిషిని వెతుకుతాయి. దారిలో ఉన్నప్పుడు తమ అడుగుల వాసనని కూడా నమ్మవు. పూత ఏం చెబితే అదే.

ఇక తోడొచ్చిన మనిషి మా అన్నయ్య భార్య కన్నమ్మ వదిన. వంట, మూట, మాటలు ఆవిడ బాధ్యత. మూడోది ఎక్కువైంది. గాలిమెట్ట ఆవిడ పుట్టినూరు. ఈ దారి మీద తిరిగే కుక్కలన్నీ పుట్టేదీ అక్కడే, మన శొంఠితో సహా. పెళ్ళయ్యాక ఆవిడ ఒక్కసారి కూడా వెళ్ళలేకపోయింది. అందుకే ఈసారి అన్నయ్యకి వంట నేర్పించి మరీ బయల్దేరింది.

మజిలీ 2. జీలుగు గుడిసె. వాన.

మధ్యాహ్నం నుంచి వాన పట్టుకుంది. సముద్రం మీద తుపాను పుట్టిందని గుడిసె కాపలా ముసలాయన చెప్పాడు. ఇక్కడొక తీగఫోను ఉంది, గాలిమెట్ట దాకా మాట వెళ్ళే ఆఖరి ఫోను ఇదే. పిడి తిప్పి తిప్పి నా భుజం ఊడేలా అయ్యాక అటు నుంచి వదిన వాళ్ళ అన్న సోమినాయుడు పలికాడు. ఊరికి పెద్ద ఆయనే.

"అన్నా, నాను కన్నమ్మని! పూతతో వస్తన్నాం!"

"గతేడూ ఇలాగే బయల్దేరినారు."

"గతేడు నాను రాలేదు కదేటి!"

గతేడు వచ్చిన పూత మనిషి వానలకి భయపడి ఏనుగుకొండ దగ్గరే వెనక్కి తిరిగాడు. గాలిమెట్ట వాళ్ళు మంచుకాలమంతా ఉప్పు లేకుండా, మందు లేకుండా గడిపారు. ఒక్కరూ పైకి వెళ్ళలేదు, ఒక్కరూ కిందికి రాలేదు.

"సూడు సెల్లీ," అన్నాడు సోమినాయుడు. "ఊరంతా కూకొని ఒక మాటనుకున్నాం. శిఖరం మీద మంచు కనపడ్డ రోజుకి పూత అందితే ఉంటాం. అందకపోతే ఆ రోజే సముద్రం పక్క వాలులో దిగిపోతాం. మూటలు కట్టీసినాం. మళ్ళీ ఎక్కేది లేదు."

"ఊరొదిలీస్తారా అన్నా?"

"నాకు మాత్రం సరదా ఏటి? ఇంకో మంచుకాలం అలా గడపడం నావల్ల కాదు."

తీగ గరగరలాడి ఆగిపోయింది. వదిన ఫోను పట్టుకుని చాలాసేపు "అన్నా, అన్నా" అంటూనే ఉంది. తర్వాత నా వైపు తిరిగి, "అన్నం తొందరగా తిను, రేపు పెందలాడే ఎల్దాం," అంది. ఆవిడ ఒక్క వాక్యంతో ఆగిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు చాలా బాధేసింది. ఎలాగైనా సరే ఈ దారి పూర్తి చేసి తీరాలని అప్పుడే అనుకున్నాను.

మజిలీ 3. వాగు అవతల గుహ. కుండపోత.

వాగు నడుము దాకా పారుతోంది. శొంఠి ఒకసారి నా మొహం చూసి, ఈ మనుషులతో ఇంతే అన్నట్టు దూకి ఈదేసింది. బెల్లం మూటతో సహా దాటాడు. గుండిగ మాత్రం ఒడ్డున కూర్చుని, నీళ్ళని కాక మమ్మల్ని చూసి మొరిగాడు. ఆఖరికి వాణ్ణి మేకపిల్లలా మెడ చుట్టూ వేసుకుని నేనే దాటించాను. వాగు మధ్యలో వాడు ప్రేమ పుట్టి నా చెవి నాకడం మొదలుపెట్టాడు. నాకు చక్కిలిగింత. వదిన తాడు పట్టుకుని అటు ఒడ్డు నుంచి, "నవ్వకే, నవ్వకే, పోతావు!" అని అరుస్తూ తనే పడీ పడీ నవ్వింది. దాటాక గుండిగ ఒళ్ళు దులుపుకుని, వాగుని తానే జయించినట్టు అందరికంటే ముందు నడిచాడు.

ఈ సరదాకి ఫలితంగా ఇద్దరికీ జలుబు చేసింది. ముక్కులు రెండూ బిగుసుకుపోయాయి. వదిన తుమ్మితే గుహలో గబ్బిలాలు లేచాయి.

పొయ్యి పక్కన కూర్చుని ఒక మంచి పని చేశాను. కుక్కల వానకోట్లలో నీళ్ళు ఇంకుతున్నాయి. పెద్ద డబ్బాలో మైనం ఉంటే వెచ్చజేసి మూడు కోట్లకీ దట్టంగా, మెడ దగ్గర రెండు పూతలు పట్టించాను. డబ్బా ఖాళీ అయిపోయింది. కోటు తొడుగుతుంటే శొంఠి తుమ్మి, నన్ను అదోలా చూసింది. దానికీ జలుబు చేసిందేమో అనుకున్నాను.

కుక్కల ఆరోగ్యం: వెచ్చగా ఉన్నాయి. గుమాస్తాగారు గమనించాలి.

మజిలీ కాదు. ఏనుగుకొండ కింద. తుంపర, మామూలు మంచు.

గతేడు పూత ఆగిపోయింది ఇక్కడే. ఇక్కణ్ణుంచి ముందుకి రెండేళ్ళ నాటి పాత పూతే దిక్కు. మనిషి కంటికి ఏమీ ఆనదు, కుక్క ముక్కుకి మాత్రం ఆనవాలు మిగిలి ఉంటుంది. అది ఎటు తిరిగితే నేను అటు కొత్త పూత వెయ్యాలి.

నిన్న గుహ నుంచి చీలికలు లేని దారిలో నడిచి, రాత్రికి ఇక్కడి చదునులో పొయ్యి పెట్టుకున్నాం. పొద్దున్న బయల్దేరేటప్పుడు వదిన చెప్పు తెగింది. తిట్టి, పొయ్యి పక్కన పారేసి, కొత్తది తొడుక్కుంది. "దారి!" అన్నాను. శొంఠి కుడికి తిరిగింది. రాయి కింద ఇంగువ పూశాను. ఇంకో చీలిక, మళ్ళీ కుడికే. పూశాను. తర్వాత కూడా కుడే. "ఈ కొండకి ఎడమ లేదేటి?" అని వదిన అంది. నేను నవ్వి పూశాను. రోజంతా హుషారుగా నడిచాం. వదిన పుట్టింటి పెరట్లో పనసచెట్టు గురించి చెప్పిందే చెప్పింది.

పొద్దువాలే వేళకి ఒక చదును కనిపించింది. "అదృష్టం వదినా, ఎవరో మనకంటే ముందే ఇక్కడ పొయ్యి పెట్టారు," అన్నాను.

వదిన వంగి ఏదో తీసింది. "పెట్టినోళ్ళు నా సెప్పే తొడుక్కున్నారే."

పొద్దున్న పారేసిన తెగిన చెప్పు.

మాకొక ఆచారం ఉంది. కుక్క మనల్ని మన పొయ్యి దగ్గరికే తిప్పి తెస్తే దాని మెడలో తెల్లదారం కడతాం. ఇక అది వెనక నడవాలి. ఆ తర్వాత ఏ దారిలోనూ ముందు నడవదు. ఎవరూ తిట్టరు, అన్నం తగ్గించరు, కానీ దారం విప్పరు. మంచులో ముక్కు పోయిన కుక్క వెంట వెళ్ళి ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్ళు ఉన్నారు కాబట్టే ఈ కట్టుబాటు.

శొంఠి మెడలో దారం నేనే కట్టాను. అది కదలకుండా నిలబడింది. దాని మెడ పట్టుకుని ఏడ్చాను. ఇది పిల్లగా ఉన్నప్పటి నుంచి ఎన్ని దారులు తిరిగామో! ముసలిదైపోయింది, నేను చూసుకోలేదు.

ఏనుగుకొండ కిందే. తుంపర.

బెల్లాన్ని ముందు పెట్టాను. మంచివాడు, చెప్పింది చేస్తాడు. రోజంతా కుడికి తిప్పి, వదిన చెప్పు దగ్గరికే తెచ్చాడు. రెండో దారం.

ఏనుగుకొండ కిందే, ఇంకా. తుంపర.

గుండిగ. మూడో దారం. వాడు మెడలో దారం చూసుకుని పండగ అనుకున్నాడు.

దూరం: చాలా నడిచాం. ఎక్కడికీ వెళ్ళలేదు.

ఏనుగుకొండ కిందే. వాన తెరిపి.

ఇవాళ కదల్లేదు. ముందు నడిచే కుక్క లేదు. శిఖరం మబ్బులో ఉంది. అక్కడ ఉన్నది మబ్బో, మెరుపుమంచో తెలియడం లేదు. ఇక వెనక్కి వెళ్ళడమే కదా అని మనసులో వచ్చింది కానీ వదిన మొహం చూసి అనలేకపోయాను. ఆవిడ మాత్రం, "జలుబుతో ఏడిస్తే తల పగిలిపోద్ది, ముందు వేడిగా ఏదైనా తాగు," అని మిరియాల చారు పెట్టింది. అలాంటి మిరియాల చారు గుమాస్తాగారు జన్మలో తాగి ఉండరు. ఒక గుక్కకి కళ్ళు, రెండో గుక్కకి చెవులు, మూడో గుక్కకి ముక్కులు తెరుచుకున్నాయి.

"వదినా, చారులో ఇంగువ కాస్త ఎక్కువైంది."

"నానింగువ ఎయ్యలేదు. ఇంగువ నీ పూత డబ్బాలోదే గానీ వంటకి లేదు కదేటి."

"మరి ఈ వాసన?"

వదిన గట్టిగా గాలి పీల్చింది. గిన్నె వాసన చూసింది. నన్ను చూసింది. తర్వాత ఎదురుగా పడుకున్న శొంఠి దగ్గరికి వెళ్ళి దాని కోటుకి ముక్కు ఆనించి, ఒక్క అరుపు అరిచింది.

"ఓలమ్మోలమ్మ! ఓలి రత్నం! కుక్కలకి తాలింపెట్టీసినావే!"

పెద్ద డబ్బాలో ఉన్నది ఉత్త మైనం కాదు. దారికంతటికీ సరిపడా ఉంచిన ఇంగువ పూత. ముక్కు పనిచేసే మనిషి ఎవరైనా మూత తీయగానే చెప్పేవాళ్ళు. నేను దాన్ని వెచ్చజేసి, మూడు కుక్కల ముక్కుల కింద, అదీ రెండు పూతలు పట్టించాను. అడుగు తీసి అడుగు వేస్తే ఆ కోట్లే "కుడికి, కుడికి" అంటుంటే పాపం అవి ఏం చేస్తాయి? శొంఠి ముక్కు పోలేదు. నేను చెప్పినట్టే నడిచింది.

నాకు ఆనందం పట్టలేక శొంఠిని ఎత్తుకుని గిరగిరా తిరిగాను. దానికి అది నచ్చలేదు, ముంజేతి మీద చిన్నగా కొరికింది. ఆ కొరుకుడు కూడా నాకు ముద్దుగానే ఉంది.

ఆచారంలో ఇంకో సగం ఉంది. తప్పు మనిషిదని తేలితే ఆ దారం మనిషి మెడలోకి మారుతుంది. దారి ముగిసే దాకా ఆ మనిషి అందరికంటే వెనక నడవాలి, ముందున్నవాళ్ళకి ఎదురు చెప్పకూడదు. వదిన మూడు దారాలూ విప్పి, నా మెడలో వరసగా మూడూ కట్టింది.

"ఎదురు సెప్పకూడదంట కదేటి?" అంది. ఆడబిడ్డ నోరు మూయించే అవకాశం ఇన్నేళ్ళకి దొరికిందని ఆవిడ మొహం వెలిగిపోతోంది.

మజిలీ 4. పనసగట్టు. గాలి, వాన.

కోట్లని బూడిదనీళ్ళలో ఉడకబెట్టి వాసన పోగొట్టాం. పైకి తేలిన మైనాన్ని మళ్ళీ వాడదామని చూస్తే వచ్చింది కుక్క వెంట్రుకల జిగురు. చిన్న డబ్బాలోని ఇంగువ ఏనుగుకొండ చుట్టూ పూసేశాను. దాన్నీ గీకి పారేయాల్సి వచ్చింది, లేకపోతే రేపు వచ్చేవాళ్ళు జన్మంతా ఆ కొండ చుట్టూ ప్రదక్షిణం చేస్తారు. అంటే ఇప్పుడు కుడికి తిరగమని చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

"కుడికెల్లమని సెప్పలేకపోతే," అంది వదిన, "మిగతా దార్లన్నీ వేపనూనెతో మూసీ."

మెడలో దారాలున్నాయి కాబట్టి ఎదురు చెప్పలేదు. లేకపోయినా చెప్పేదాన్ని కాదు, ఉపాయం బ్రహ్మాండంగా ఉంది. కుడికి తిరగాల్సిన ప్రతిచోటా ఎదురు దారికి ఒక వేప పట్టీ, ఎడమ దారికి ఒక వేప పట్టీ. మిగిలింది కుడి ఒక్కటే. పని రెండింతలైంది కానీ శొంఠి ఒక్క చూపుతో విషయం గ్రహించేసింది. ఉత్త ముక్కుతో అది పాత పూత పట్టుకుంటూ నడుస్తుంటే చూడాలి! తోక నిటారుగా లేచి ఉంది. బురదలో జారి మేం ఎన్నిసార్లు కూర్చున్నామో లెక్కలేదు. జారిన ప్రతిసారీ బెల్లం వచ్చి మొహం నాకి ధైర్యం చెప్పాడు. జలగలు కాళ్ళకి పట్టాయి, వదిన ఉప్పు అద్ది తీస్తూ ఒక్కొక్కదానికీ తన అత్తవైపు చుట్టాల, అంటే మావాళ్ళ, పేరు పెట్టింది.

మేం ఇక్కడికి చేరేసరికి గాలి తిరిగి మబ్బు విడిపోయింది. శిఖరం మీద ఇంకా మంచు లేదు. గాలిమెట్టకి ఇక ఒక్క ఎక్కుడే మిగిలింది.

గాలిమెట్ట.

పొద్దున్నే లేచి చూస్తే శిఖరం మీద తళతళ. మెరుపుమంచు. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో, అంత భయం పుట్టిస్తుంది. వదిన అన్నం కూడా వండలేదు. అటుకులు నములుతూ పరిగెత్తినట్టే ఎక్కాం. ఆఖరి మలుపుల్లో వెల్లుల్లి అయిపోయింది, వేపనూనె డబ్బా దులిపి దులిపి వాడాను. ఊరి మొదట్లో రాతికి ఎండునెత్తళ్ళ పట్టీ వేసి, "వచ్చేశాం వదినా!" అని అరిచాను.

జవాబుగా ఒక్క కుక్క కూడా మొరగలేదు.

కుక్కలు పుట్టే ఊళ్ళో కుక్క మొరగలేదంటే మనుషులు లేనట్టే. వీధిలోకి వెళ్ళాం. ఇళ్ళు అలాగే ఉన్నాయి, ఒక్క ఇంటికీ తలుపు లేదు. ఊరు వదిలి మళ్ళీ రాకూడదని వెళ్ళేవాళ్ళు తలుపు రెక్క ఊడదీసి వెంట తీసుకెళ్ళడం ఇక్కడి పద్ధతట. వదిన ఆ సంగతి మామూలుగానే చెప్పింది. తన పుట్టింటి గుమ్మం ముందు నిలబడి, లోపలికి వెళ్ళకుండా, తలుపు ఉండాల్సిన చోట గాలిని చేత్తో తడిమింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత లోపలికి వెళ్ళి పొయ్యిలో చెయ్యి పెట్టింది. "ఎచ్చగానే ఉన్నాది! ఇప్పుడే దిగినారే!"

సముద్రం వైపు వాలుకి పూత లేదు. ఎప్పుడూ ఎవరూ పుయ్యలేదు. పైనుంచి మంచు ఇళ్ళ కప్పుల దాకా వచ్చేసింది. పూత లేని చోట మంచులో అడుగు వెయ్యకూడదు, ఇది మా పనికి మొదటి నియమం. నా దగ్గర మిగిలింది ఎండునెత్తళ్ళ డబ్బా ఒక్కటే. అదీ గుండిగ మూత నాకగా నాకగా మిగిలింది.

"వాళ్ళకీ దారి తెలీదు వదినా," అన్నాను. "మంచు ఇంత తొందరగా దిగుద్దని అనుకోలేదు. ఎక్కడో మధ్యలో చిక్కుకుని ఉంటారు."

"మరెందుకే నిల్చున్నావు?" అని వదిన దండెం మీద మర్చిపోయిన తువ్వాలు ఒకటి లాగి శొంఠి ముక్కు ముందు పెట్టింది. "ఎవరే? ఎవరు, శొంఠీ?"

శొంఠి వాలు వైపు దూకింది.

మంచు మూసుకుంది. మేమందరం ఒకే తాడుకి కట్టుకున్నాం. ముందు శొంఠి, దాని వెనక వదిన, బెల్లం, గుండిగ, చివర నేను. రాయి తగిలినచోటల్లా వంగి నెత్తళ్ళ పట్టీ వేశాను. ఎందుకంటే మేమైనా వెనక్కి రావాలి కదా, నా దగ్గర ఉన్నది అదొక్క మాటే. ఊరు దగ్గర్లోనే ఉంది. ఊరు దగ్గర్లోనే ఉంది. దిగేకొద్దీ అది అబద్ధమవుతోందని తెలుసు, అయినా పూస్తూనే ఉన్నాను. గుండిగ ప్రతి పట్టీ దగ్గరా ఆగి వెనక్కి లాగుతుంటే వదిన ముందుకి ఈడ్చింది. డబ్బా అడుగు గీకి ఆఖరి పట్టీ వేసేసరికి కింద ఎక్కడో కోడి కూసింది. తర్వాత ఒక కుక్క. ఆ తర్వాత ఊరంతా.

అందరూ ఒక బండ కింద, మంచు కాస్త పలచబడ్డ చోట, గుంపుగా కూర్చున్నారు. మూటలు, మేకలు, గంపల్లో కోళ్ళు, గోడల్లా నిలబెట్టిన తలుపులు. ఒక్కొక్కరి నడుముకీ ఒక్కో కుక్క కట్టి ఉంది. పాపం ఆ కుక్కలకి వెతకడానికి ఒక్క పట్టీ లేదు, మనుషులకి దిగడానికి ధైర్యం లేదు.

"ఎవరది?" అంది సోమినాయుడు గొంతు.

"నానన్నా, కన్నమ్మని. పూత వచ్చీసింది."

ఒక్కసారి అందరూ లేచారు. ఎవరో ఆడమనిషి ఏడుస్తూ వదినని వాటేసుకుంది, ఎవరో నన్ను, ఎవరో గుండిగని. సోమినాయుడు మాత్రం కూర్చున్నచోటే ఉన్నాడు. మంచులో ఆయన పెద్ద ఆకారం, వీపుకి తలుపు లీలగా కనిపిస్తున్నాయి.

"ఆలస్యమైపోనాది సెల్లీ. మంచు కనపడ్డ రోజే దిగిపోతామని మాటనుకున్నాం. మాటంటే మాటే. ఊరంతా ఒప్పుకున్న మాటని నానొక్కణ్ణే ఎలాగ తప్పుతాను? వెనక్కెల్లేది లే..."

అప్పుడు గాలి మేం పూసిన పట్టీల వైపు నుంచి అటు తిరిగింది.

ఆయన నడుముకి కట్టిన కుక్క మూతి పైకెత్తింది. పక్కదీ ఎత్తింది. ఇంతసేపూ దిక్కు తెలియక ముడుచుకుని కూర్చున్న కుక్కలన్నీ ఒకే దమ్మున లేచి వాలు మీదికి లంకించుకున్నాయి. వాటితో పాటు ఊరు. ఒకరినొకరు పట్టుకుని, నవ్వుతూ, జారుతూ, "ఆగే, ఆగే, మూట!" అని అరుస్తూ. మేకలు వాటంతట అవే వెంటపడ్డాయి. సోమినాయుడు మాటంటే మాటేనని చెబుతూనే, వీపున తలుపుతో, కుక్క వెనక పరిగెత్తాడు. ఆయన గొంతు పైకి పైకి వెళ్ళిపోవడం మేం విన్నాం. నేను అంత నవ్వు ఎప్పుడూ నవ్వలేదు, పక్కటెముకలు ఇంకా నొప్పెడుతున్నాయి.

సగం ఎక్కాక ఆయన ఒక రాయి పట్టుకుని కుక్కని ఆపి, రొప్పుతూ కూర్చున్నాడు. మేం అందుకున్నాం. కుక్క రాయి అడుగుని ఆబగా నాకుతోంది.

"ఏటి పూసినారే ఈ రాళ్ళకి?"

వదిన ఆయన పక్కనే కూర్చుంది. తర్వాత మెల్లిగా అంది. "ఊరు దగ్గర్లోనే ఉన్నాదని, అన్నా."

సోమినాయుడు ఆ రాయిని చేత్తో తడిమాడు. వేళ్ళు వాసన చూసుకున్నాడు. మొహం అటు తిప్పుకుని, తువ్వాలు కోసం భుజం వెతుక్కుని, లేదని గుర్తొచ్చి చేత్తోనే తుడుచుకున్నాడు. తర్వాత వీపున ఉన్న తలుపు తాడు విప్పి కింద దించాడు.

"ఇన్నేళ్ళకి పుట్టింటికొస్తన్నావు. ఉట్టి చేతుల్తో వస్తావేటి? అటు పక్క పట్టు."

వదిన అటు పక్క పట్టుకుంది. ఇద్దరూ తలుపుని ఎత్తుకుని ముందుకి నడిచారు. కొండ ఎక్కినంతసేపూ, అది లోపలికి తెరుచుకునేదా బయటికి తెరుచుకునేదా అని పోట్లాడుకుంటూనే ఉన్నారు.